లద్దాఖ్ యాత్రలో రాత్రి బస ఎత్తే అసలు లెక్క

సంపాదకులకు నమస్కారం.

వేసవి ప్రయాణాలపై మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసంలో లద్దాఖ్ వెళ్లేవారికి మూడు సలహాలు ఇచ్చారు. కర్పూరం పొట్లం దగ్గర ఉంచుకోవాలన్నారు, ఆక్సిజన్ డబ్బా కొనుక్కోవాలన్నారు, 'కొండలపైన గాలిలో ఆక్సిజన్ శాతం తక్కువ' కాబట్టి నెమ్మదిగా నడవాలన్నారు. మూడో సలహా మంచిదే గానీ దానికి చెప్పిన కారణం తప్పు. మొదటి రెండింటి వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. అసలు చెప్పవలసిన సంగతి, అంటే ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకోవాలన్నది, ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిగా దీని గురించి కొంచెం వివరంగా రాస్తున్నాను. చోటు దొరికితే ప్రచురించగలరు.

గాలిలో ఆక్సిజన్ శాతం విశాఖ బీచ్‌లోనైనా ఎవరెస్టు కొన మీదైనా దాదాపు 21. ఎత్తుకు వెళ్లేకొద్దీ తగ్గేది గాలి ఒత్తిడి. సముద్రమట్టం వద్ద 760 మిల్లీమీటర్ల పాదరసాన్ని నిలబెట్టే ఈ ఒత్తిడి, సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో 500 దగ్గరికీ, 5,359 మీటర్ల ఖర్దుంగ్‌లా కనుమలో 400 దగ్గరికీ దిగుతుంది. ఎవరెస్టుపైన మూడో వంతే మిగులుతుంది. ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి ఆక్సిజన్‌ను నెట్టేది ఈ ఒత్తిడే కాబట్టి, అదే 21 శాతం గాలి పీల్చినా రక్తానికి అందేది తగ్గిపోతుంది. ఢిల్లీలో విమానం ఎక్కి లేహ్‌లో దిగేవారు సాధారణంగా గమనించని విషయం ఒకటుంది. ఆకాశంలో ఎగురుతున్నంతసేపూ విమానం లోపలి గాలి ఒత్తిడి, సుమారు 8,000 అడుగుల ఎత్తులో ఉండేదానికంటే తగ్గకుండా చూస్తారు. లేహ్ ఎత్తు 11,500 అడుగులు. అంటే మేఘాల పైన కూర్చుని కాఫీ తాగుతున్నప్పటికంటే, కిందికి దిగి సామాన్ల కోసం నిలబడ్డప్పుడు మనం పీల్చే గాలే పలచన. గంటన్నర కూడా పట్టని ఆ ప్రయాణంలో శరీరానికి సర్దుకునే వ్యవధి దొరకదు.

దిగాక సర్దుబాటు మాత్రం క్షణాల్లోనే మొదలవుతుంది. మెడకు రెండు పక్కలా, దవడకు కొంచెం కింద, మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని రెండుగా చీలేచోట బియ్యపు గింజంత కణజాలం ఒకటి ఉంటుంది. దాని పేరు కెరోటిడ్ బాడీ. దాని బరువుతో పోల్చి చూస్తే, శరీరంలో మరే అవయవానికీ అంత రక్తం అందదు. ఆ రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి తగ్గగానే అది నరం ద్వారా మెదడు అడుగున ఉన్న శ్వాసకేంద్రానికి కబురు పంపుతుంది, ఊపిరి వేగమూ లోతూ పెరుగుతాయి. శ్వాస నియంత్రణలో ఈ ధమనుల గోడల పాత్రను బయటపెట్టినందుకే బెల్జియం శాస్త్రవేత్త కార్నీల్ హేమాన్స్‌కు 1938 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే దీనికి ఒక పరిమితి ఉంది. ధమని రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి మామూలుగా ఉండే 95 మిల్లీమీటర్ల నుంచి 60 దాకా దిగినా కెరోటిడ్ బాడీ అంతగా చలించదు, అంతకంటే కిందికి పోతేనే గట్టిగా స్పందిస్తుంది. మైదానాల్లో ఉన్నప్పుడు మన ఊపిరిని అనుక్షణం నడిపేది ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్. ఊపిరి బిగబట్టినప్పుడు ఉక్కిరిబిక్కిరి చేసేదీ అదే. కోవిడ్ రోజుల్లో వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటర్ 80 చూపిస్తున్నా కొందరు రోగులు మంచం మీద కూర్చుని ఫోనులో మామూలుగా మాట్లాడుతుండటం చూసి డాక్టర్లు నిర్ఘాంతపోయారు. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతున్నంతకాలం ఆయాసం తెలియకపోవడం దానికి ఒక కారణం. ఆయాసం లేదు కాబట్టి ఆక్సిజన్ సరిపోతోందని అనుకోవడానికి వీల్లేదని అప్పుడు నేర్చుకున్నాం, కొండల మీదికి వెళ్లేటప్పటికి మరిచిపోతున్నాం.

ఎత్తైన ప్రదేశానికి చేరిన మొదటి రోజుల్లో శరీరం లోపల ఒక తగువు నడుస్తుంది. కెరోటిడ్ బాడీ చెప్పినట్లు ఎక్కువగా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ మామూలుకంటే ఎక్కువగా పోతుంది, రక్తం క్షారగుణం వైపు జరుగుతుంది, అది గమనించిన శ్వాసకేంద్రం ఊపిరిని తగ్గించెయ్యమంటుంది. మెలకువగా ఉన్నప్పుడు మనకు తెలియని ఈ లాగులాట నిద్రలో బయటపడుతుంది. మేము లేహ్ వెళ్లినప్పుడు అర్ధరాత్రి మా చెల్లెలు గది తలుపు కొట్టి, "అన్నయ్యా, ఈయనకి ఊపిరి ఆగి ఆగి వస్తోంది, ఒకసారి వచ్చి చూడు" అని కంగారుగా పిలిచింది. వెళ్లేసరికి ఆయన గాఢనిద్రలో ఉన్నారు. ఊపిరి ఒకదాని తర్వాత ఒకటి చిన్నదవుతూ వచ్చి పూర్తిగా ఆగిపోయింది. ఛాతీ మీది దుప్పటి కదలలేదు. తర్వాత ఒక్కసారిగా పెద్ద ఊపిరి, దాని వెంటే మూడు నాలుగు లోతైన ఊపిరులు, మళ్లీ తగ్గుతూ తగ్గుతూ ఆగడం. తరగతిలో ఏటా నల్లబల్ల మీద గీసి చూపించిన గీతే అయినా, పక్కన నిలబడి చూసినప్పుడు ఆ ఆగిన క్షణాలు బాగా పొడుగ్గానే అనిపించాయి. ఇది ఆ ఎత్తులో ఆరోగ్యవంతులకూ మామూలే, దానంతట అది జబ్బు కాదు. కానీ నిద్రపోయేటప్పుడు రక్తంలోని ఆక్సిజన్ పగటికంటే ఇంకా కిందికి జారుతుంది. కనుమ దగ్గర ఫొటో దిగి వచ్చెయ్యడానికీ, ఆ ఎత్తులో ఎనిమిది గంటలు నిద్రపోవడానికీ తేడా అక్కడే ఉంది.

ఈ తగువు తీర్చే పని మూత్రపిండాలది. అవి రక్తానికి క్షారగుణం ఇచ్చే బైకార్బొనేట్ అనే పదార్థాన్ని మూత్రంలోకి వదిలేస్తే క్షారగుణం తగ్గుతుంది, శ్వాసకేంద్రం పట్టు సడలుతుంది, ఊపిరి నిరాటంకంగా పెరుగుతుంది. దీనికి గంటలు చాలవు, రోజులు పడుతుంది. కొత్తగా వెళ్లినవారికి మాటిమాటికీ మూత్రం రావడం శరీరం సర్దుకుంటోందనడానికి గుర్తే తప్ప, దారిలో బాత్రూములు ఉండవని నీళ్లు మానేయడానికి కారణం కాకూడదు. డయామాక్స్ పేరుతో దొరికే ఎసిటజోలమైడ్ మాత్ర చేసే పని కూడా ఇదే: మూత్రపిండాల చేత బైకార్బొనేట్‌ను త్వరగా వదిలిస్తుంది. అంతేగాని అది తలనొప్పి మాత్ర కాదు. తలనొప్పి వచ్చాక చూద్దామని జేబులో పెట్టుకుని తిరిగేవారు దాని ప్రయోజనాన్ని చాలావరకు పోగొట్టుకున్నట్లే, ఎందుకంటే దాన్ని ఎక్కడానికి ముందురోజే మొదలుపెట్టాలి. సల్ఫా మందులు పడనివారూ, కిడ్నీ జబ్బు ఉన్నవారూ డాక్టరును అడగకుండా దాని జోలికి పోకూడదు. వేళ్లు తిమ్మిరెక్కడం, సోడా చప్పగా తోచడం ఆ మందు వల్ల మామూలుగా కలిగేవే.

'అక్కడ రెండు రోజులుంటే రక్తం పట్టేస్తుంది' అని ట్రావెల్స్ వారు ధైర్యం చెబుతుంటారు. రెండు రోజుల్లో పట్టే రక్తం లేదు. మొదట్లో హిమోగ్లోబిన్ అంకె కొంచెం పెరిగినా అది రక్తంలోని నీటిభాగం తగ్గి చిక్కబడటం వల్లనే. ఎర్ర రక్తకణాల తయారీని పురమాయించే ఎరిత్రోపొయెటిన్ హార్మోన్ కొన్ని గంటల్లోనే పెరగడం మొదలై ఒకటి రెండు రోజుల్లో గరిష్ఠానికి చేరుతుంది గానీ, ఆ పురమాయింపు ప్రకారం ఎముక మజ్జలో కణాలు తయారై లెక్కకు రావడానికి వారాలు కావాలి. వారం రోజుల ప్యాకేజీలో వెళ్లినవాడు అప్పటికి ఇంట్లో కూర్చుని ఆవకాయ అన్నం తింటూ ఉంటాడు.

ఆ హార్మోన్‌ను తయారుచేసే మూత్రపిండానికి ఆక్సిజన్ తగ్గిందన్న సంగతి ఎలా తెలుస్తుందన్నది చాలాకాలం అంతుపట్టని ప్రశ్న. దానికి జవాబు కనుక్కున్న అమెరికా శాస్త్రవేత్తలు గ్రెగ్ సెమెంజా, విలియం కెలిన్, బ్రిటన్‌కు చెందిన పీటర్ రాట్‌క్లిఫ్ 2019లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. వారు చెప్పినదాని సారాంశం ఇది. మన కణాలు హిఫ్ అనే ఒక ప్రొటీన్‌ను ఎప్పుడూ తయారుచేస్తూనే ఉంటాయి. ఆక్సిజన్ సమృద్ధిగా ఉన్నప్పుడు ఒక ఎంజైము ఆ ఆక్సిజన్‌నే వాడుకుని హిఫ్ మీద ఒక రసాయన ముద్ర వేస్తుంది, వీహెచ్ఎల్ అనే మరో ప్రొటీన్ ఆ ముద్రను గుర్తుపట్టి హిఫ్‌ను నాశనానికి అప్పగిస్తుంది. కొన్ని నిమిషాల్లో అంతా ముగిసిపోతుంది. ఆక్సిజన్ తగ్గితే ముద్ర వెయ్యడానికి సరుకు ఉండదు, హిఫ్ మిగిలిపోతుంది, కణకేంద్రకంలోకి వెళ్లి ఎరిత్రోపొయెటిన్‌తో పాటు వందలాది జన్యువులను పనిలోకి దింపుతుంది. తయారుచేసి వెంటనే పారెయ్యడం పైకి శుద్ధ దుబారాగా కనిపిస్తుంది. కానీ అవసరం వచ్చాక మొదటి నుంచి తయారుచేసుకునే బదులు, నాశనాన్ని ఆపితే చాలు, స్పందన వెంటనే మొదలవుతుంది. ఈ ఏర్పాటు ఏ ఒక్క అవయవంలోనో కాక మన శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ ఉండటం నాకు ఇప్పటికీ అబ్బురంగానే తోస్తుంది.

ఇదంతా హిమాలయాల వారి సంగతి అనుకోనక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో బాధపడుతున్న కుటుంబాలకు రక్తహీనత ఎందుకు వెన్నంటి వస్తుందో ఇదే చెబుతుంది. మూత్రపిండం దెబ్బతింటే వడపోతతో పాటు ఎరిత్రోపొయెటిన్ తయారీ కూడా కుంటుపడుతుంది, అందుకే డయాలసిస్ రోగులకు ఆ హార్మోన్‌ను ఇంజెక్షన్‌గా ఇస్తారు. హిఫ్ మీద ముద్ర వేసే ఎంజైమును అడ్డుకుని, ఆక్సిజన్ తగ్గిందన్న భ్రమను శరీరానికి కలిగించి రక్తం పట్టించే మాత్రలు ఆ పరిశోధన ఫలంగా వచ్చాయి. వాటిలో ఒకటైన డెసిడుస్టాట్‌కు 2022లో మన దేశంలో అనుమతి లభించింది.

సర్దుబాటు ఒక్కోసారి ఎదురుతిరుగుతుంది కూడా. ఊపిరితిత్తుల్లో ఒక భాగానికి గాలి అందకపోతే అక్కడి రక్తనాళాలు బిగుసుకుని రక్తాన్ని గాలి అందే భాగానికి మళ్లిస్తాయి. న్యుమోనియా రోగికి ఇది మేలు చేస్తుంది. ఎత్తైన చోట ఊపిరితిత్తులంతటా ఆక్సిజన్ తక్కువే కాబట్టి నాళాలన్నీ బిగుసుకుని లోపల పీడనం పెరుగుతుంది, కొందరిలో నీరు ఊరి గాలితిత్తులు నిండుతాయి. సాధారణంగా ఇది వెళ్లిన రోజునే రాదు, రెండో రాత్రి నుంచి నాలుగో రాత్రిలోపు వస్తుంది. కూర్చున్నా ఆయాసం, దగ్గు, చివరికి గులాబీరంగు నురగ కళ్లె దీని లక్షణాలు. ఎత్తులో కొందరికి మెదడు కూడా వాస్తుంది. అప్పుడు మనిషి తాగినవాడిలా తూలుతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, పక్కవాళ్లు అలసటనో మందు కొట్టాడనో అనుకుని పడుకోబెడతారు. అనుమానం వస్తే ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు తగిలేలా తిన్నగా ఒక గీత మీద నడిపించి చూడాలి. నడవలేకపోతే తెల్లవారనిద్దామని చూడకుండా వెంటనే కిందికి దించాలి. ఇక్కడ అసలైన చికిత్స కిందికి దిగడమే. ఆక్సిజన్, మందులు దించేలోగా ప్రాణం నిలబెడతాయి. ఇక దుకాణాల్లో అమ్మే చేతి డబ్బాలో ఉండే ఆక్సిజన్ కొన్ని నిమిషాలకే అయిపోతుంది. కర్పూరం ముక్కులో చల్లగా తగిలి గాలి బాగా ఆడుతున్న భావన కలిగిస్తుందే గాని రక్తంలో ఆక్సిజన్‌ను చుక్క కూడా పెంచదు. రెండూ కలిసి, కిందికి దిగవలసిన మనిషిని ఇంకొంచెంసేపు పైన ఉంచుతాయని నా భయం.

ఇప్పుడు ప్యాకేజీల సంగతి. వైద్యులు పర్వతారోహకులకు చెప్పే సూత్రం ఏమిటంటే, 3,000 మీటర్లు దాటాక రాత్రి బస చేసే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఒకేచోట రెండో రాత్రి ఉండాలి. ఈ కొలత పెట్టి చూస్తే లద్దాఖ్ ప్యాకేజీల్లో అందరూ భయపడే ఖర్దుంగ్‌లా, లేహ్‌లో సర్దుకున్నాక వెళ్లినవారికి, అంత ప్రమాదకరం కాదు. ఆ కనుమ దాటి చేరే నుబ్రా లోయ లేహ్‌కంటే తక్కువ ఎత్తులో ఉంది, పైన పది నిమిషాలు ఆగి కిందికి దిగి పడుకుంటారు. ఇబ్బంది పాంగాంగ్ సరస్సు ఒడ్డున గుడారాల్లో గడిపే రాత్రితో వస్తుంది. సరస్సు ఎత్తు సుమారు 4,250 మీటర్లు, లేహ్‌కంటే 750 మీటర్లు పైన. లేహ్‌లో ఒక్క రాత్రి గడిపి మర్నాడే అక్కడికి తీసుకెళ్లే ప్యాకేజీలు నా కంటపడ్డాయి. మన కుర్రాళ్లు మోటారు సైకిళ్ల మీద ఇష్టపడి వెళ్లే మనాలి–లేహ్ దారి ఇంకా కఠినం. సుమారు 2,000 మీటర్ల మనాలి నుంచి బయలుదేరి ఒక్క రోజులో 4,290 మీటర్ల సర్చు చేరి అక్కడ పడుకునేవారికి తెల్లవార్లూ తలనొప్పి, వాంతులు రావడంలో వింత లేదు. శ్రీనగర్, కార్గిల్ మీదుగా వెళ్తే బసలు 1,600, 2,700, 3,500 మీటర్లుగా మెట్లు మెట్లుగా పెరుగుతాయి. రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తాను, జిమ్‌కు వెళ్తాను కాబట్టి నాకేమీ కాదన్న ధీమా ఇక్కడ పనికిరాదు. కండబలానికీ ఈ సర్దుబాటుకూ సంబంధం లేదు, పైగా దమ్మున్నవాళ్లే తొందరపడి పైకి పోతారు.

ఈ పాఠం మన దేశం 1962 యుద్ధంలోనే చాలా ఖరీదుకు నేర్చుకుంది. మైదానాల నుంచి ఉన్నపళాన ఎత్తైన సరిహద్దుకు తరలించిన సైనికులు శత్రువుతో పాటు ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బుతోనూ పోరాడవలసి వచ్చింది. ఆ తర్వాత ఇందర్ సింగ్, ఆయన సహచర సైనిక వైద్యులు 1,925 మంది జవాన్లను పరిశీలించి 1969లో ప్రచురించిన వ్యాసాన్ని ప్రపంచవ్యాప్తంగా ఇప్పటికీ ఉదహరిస్తారు. నేడు మన సైన్యం 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, ఆపైన 15,000 అడుగుల వరకు నాలుగు రోజులు, అది దాటాక మరో నాలుగు రోజులు జవాన్లను అలవాటు పడనిస్తుంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మన పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా నేరుగా ఎక్కలేదు, భువనగిరి రాళ్ల మీద మొదలుపెట్టి డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ పొంది, కొండ దగ్గరా వారాల తరబడి గడిపారు. ఇరవై ఏళ్ల జవానుకు ఆరు రోజులు కావాలని సైన్యం అనుకుంటుంటే, అరవై ఏళ్ల యాత్రికుడికి ఒక్క రాత్రి చాలని ట్రావెల్స్ వారు ఏ లెక్కన నిర్ణయిస్తున్నారో తెలియదు.

తీర్థయాత్రల్లో పరిస్థితి కొంత వేరు. గుప్తకాశీ, ఫాటాల నుంచి హెలికాప్టర్‌లో 3,583 మీటర్ల కేదార్‌నాథ్ చేరి, దర్శనం చేసుకుని వెంటనే దిగేవారికి ఈ జబ్బు ముదిరే వ్యవధి ఉండదు, ఎందుకంటే తలనొప్పి, వికారం సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత మొదలవుతాయి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి మాత్రం ఆ కాసేపు కూడా భారమే. వాతావరణం చెడి హెలికాప్టర్లు ఆగిపోతే రాత్రి పైనే గడపాల్సి వస్తుందన్నది అందరూ గుర్తుంచుకోవాలి. అమర్‌నాథ్ గుహ ఎత్తు 3,888 మీటర్లు. ఆ యాత్రకు ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి చేయడం మంచిదే అయినా, సముద్రమట్టం దగ్గర తీసిన ఈసీజీ, రక్తపోటు చూసి ఎత్తులో ఎవరికి జబ్బు చేస్తుందో చెప్పలేం. అంతకంటే పనికొచ్చే ప్రశ్న ఒకటే: ఇంతకుముందు ఎత్తైన చోటుకు వెళ్లినప్పుడు మీకు ఎలా ఉంది? ధ్రువపత్రం మీద సంతకం చేసే మన డాక్టర్లు దయచేసి ఆ ప్రశ్న అడగాలి. పాడేరు, అరకు, భద్రాచలం, ఆదిలాబాద్ ఏజెన్సీ ప్రాంతాల వారిని, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే వంశపారంపర్య లక్షణమైన సికిల్ సెల్ గురించి కూడా అడగాలి. ఆ లక్షణం ఒక్క తల్లి నుంచో తండ్రి నుంచో మాత్రమే వచ్చినవారు ఇక్కడ ఏ ఇబ్బందీ లేకుండా బతుకుతారు, కానీ ఎత్తులో ఆక్సిజన్ తగ్గినప్పుడు వారి ప్లీహానికి రక్తప్రసరణ ఆగి తీవ్రమైన కడుపునొప్పి వచ్చే ప్రమాదం ఉంది. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమంలో పరీక్ష చేయించుకుని కార్డు అందుకున్నవారు దాన్ని డాక్టరుకు చూపించాలి.

మీ పత్రికలో వచ్చే యాత్రల ప్రకటనల్లో హోటల్ స్టార్లు, భోజనంలో సాంబారు, పెరుగు ఉంటాయా లేదా అన్నది కూడా ఉంటుంది. బస చేసే ప్రతి ఊరి పేరు పక్కనా దాని ఎత్తు మీటర్లలో రాయాలని మీ ప్రకటనల విభాగం షరతు పెడితే దానికి ఒక్క పైసా ఖర్చు కాదు. మీ పర్యాటక పేజీల్లోనూ ఉష్ణోగ్రత పక్కన ఆ అంకె వేయండి. అప్పుడు డబ్బు కట్టే ముందే, రెండో రాత్రి బసకూ మొదటి రాత్రి బసకూ మధ్య తేడా 500 దాటిందో లేదో పాఠకులు తీసివేత చేసి చూసుకుంటారు. దాటితే, లేహ్‌లో మరో రాత్రి కలపమని ట్రావెల్స్ వారిని అడుగుతారు.

ఇట్లు,
ఒక విశ్రాంత శరీరధర్మశాస్త్ర అధ్యాపకుడు,
విజయనగరం